ఎదురుగాలిలో గేరు తగ్గించండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరు చెబితే సైకిల్ మొదలుపెట్టాను. ఆదివారాలు ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఒక గ్రూపుతో వెళ్తున్నాను. కుర్రాళ్లందరూ దాటిపోతారు, ఇంటికొచ్చి ఫోన్‌లో అందరి స్పీడూ చూస్తే ఒకటే టెన్షన్. సైకిల్ జీవితం గురించి ఎంతో నేర్పుతుందంటారు, నాకు మాత్రం నేను వెనకబడ్డానన్న సంగతే నేర్పుతోంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ ఫోన్‌లో మిగతావాళ్ల స్పీడు చూడటం కొన్నాళ్లు ఆపండి. మీరు అడిగినదానికి జవాబు మీరు తొక్కే రోడ్డు మీదే ఉంది. వేసవిలో నైరుతి గాలి బలంగా వీచే రోజున భీమిలి వైపు వెళ్తుంటే గాలి వీపు వెనక ఉంటుంది, ఈ రోజు భలే తొక్కుతున్నానే అనిపిస్తుంది, అందులో గాలి వాటా ఎంతో ఆ సమయంలో ఎవరికీ గుర్తుండదు. వెనక్కి తిరిగాక తెలుస్తుంది. అవే కాళ్లు, అదే సైకిల్, కానీ స్పీడు పడిపోతుంది, దాంతో కోపమొచ్చి అదే గేరులో ఇంకా గట్టిగా తొక్కుతాం, రుషికొండ దాటేసరికి తొడలు పట్టేస్తాయి. వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 30కి పెరిగితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు కాదు, రెండింతలు దాటిపోతుంది. అలాంటి గాలితో పంతం పట్టి లాభం లేదు. గేరు తగ్గించండి, నిమిషానికి ఎనభైసార్లో ఆ దగ్గర్లోనో పెడల్ తేలిగ్గా తిరగనివ్వండి, స్పీడు ఎంత వస్తే అంత.

రోజూ తొక్కేవాళ్లకి సైకిల్ నేర్పే అసలు విషయం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. పడే శ్రమ మన చేతిలో ఉంది, వచ్చే స్పీడు పూర్తిగా మన చేతిలో లేదు. మీ బ్రాంచిలో డిపాజిట్లు ఇబ్బడిముబ్బడిగా వచ్చిన ఏడాది ఒకటి ఉంటుంది, మార్చి నెల వచ్చినా టార్గెట్ సగం కూడా దాటని ఏడాది ఒకటి ఉంటుంది, రెండేళ్లూ మీరు ఒకేలా పని చేసి ఉంటారు. ఆ తేడా ఒంటికి తెలియాలంటే వారం వారం అదే రోడ్డు మీద తొక్కాలి, ఒక్కసారి వెళ్లొస్తే తెలియదు.

ఇంకో మాట. సుదూర సైక్లింగ్‌లో 'బ్రెవే' అని గడువు పెట్టి తొక్కే రైడ్ ఉంటుంది, మన దగ్గరా జరుగుతుంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, టీలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ ఆ టైములోనే. సగటున గంటకు 15 కిలోమీటర్లు వెళ్తే చాలు. అందులో ర్యాంకులు ఉండవు, పైగా దారిలో హాజరు వేయించుకునే చెక్‌పోస్టులకు తెరిచే టైము కూడా ఉంటుంది కాబట్టి మరీ ముందు చేరుకున్నా ఉపయోగం లేదు! 1891లో ఫ్రాన్స్‌లో సైకిల్ పోటీగా మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ కూడా ఇప్పుడు ఈ పద్ధతిలోనే నాలుగేళ్లకోసారి జరుగుతోంది, 1200 కిలోమీటర్లకు పైగా, గరిష్ఠంగా 90 గంటలు. మీలాంటివాళ్లకు సరిపోయే సైక్లింగ్ ఇది. ఇక ఈ ఆదివారం ఎదురుగాలి ఉంటే ఆ కుర్రాళ్లలో ఒకరిని 'కాస్త నా ముందు తొక్కు బాబూ' అని అడగండి. ముందువాడి వెనక, బ్రేకు వేసుకునేంత దూరం ఉంచి తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. మొహమాటపడకండి, పెద్ద పెద్ద పోటీల్లో తొక్కేవాళ్లు చేసేదీ అదే.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. చిన్నప్పుడు అన్నయ్యకు సైకిల్ కొన్నారు, నాకు కొనలేదు. ఇప్పుడు నేర్చుకోవాలని ఉంది. మా కాలనీలో నలుగురూ నవ్వుతారని మా వారు అంటున్నారు. ఈ వయసులో ఎందుకంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నేర్చుకోండమ్మా, ఈ వారమే మొదలుపెట్టండి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పించారు, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ముందుకు నడిపించారు. లక్షమందికి పైగా గ్రామీణ మహిళలు నేర్చుకున్నారు, క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు. వాళ్లనూ చూసి నవ్వారు, మాటలన్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్క చాలామంది జెంట్స్ సైకిళ్లే తొక్కారు, ముందు బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు కదా అని కొందరు వాటినే ఇష్టపడ్డారు. బస్సు కోసం, భర్త కోసం, కొడుకు కోసం ఎదురుచూడకుండా బావికి, సంతకు, పనికి వెళ్లొచ్చారు. అన్నయ్యకు దొరికి మీకు దొరకనిది కూడా ఇదే, ఎవరినీ అడక్కుండా ఇంట్లోంచి బయలుదేరడం.

నేర్చుకునే పద్ధతి చెప్తాను. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించండి. షాపులో చెప్పి రెండు పెడళ్లూ తీయించేయండి, మీరే తీస్తే ఒకటి గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది. కొంచెం పల్లంగా ఉన్న ఖాళీ చోట కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లండి, చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల అవతల. కాళ్లు ఎత్తి కాసేపు జారగలిగాక పెడళ్లు బిగించండి. వెనక నుంచి సీటు పట్టుకునే మనిషి అక్కర్లేదు, పట్టుకుంటానంటే మీ వారిని చక్కగా పక్కన నడవమనండి. పెడల్ తొక్కడానికి ముందే బ్రేకు వేయడం రావాలి, రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా.

ప్రశ్న: వారం రోజులు తొక్కుతాను, వాన పడితే మానేస్తాను, మళ్లీ నెల దాకా ముట్టుకోను. క్రమశిక్షణ ఎలా వస్తుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: క్రమశిక్షణ సంగతి వదిలేసి సైకిల్‌కి ఒక పని అప్పజెప్పండి. పాలు, కూరగాయలు, కిలోమీటరు లోపల ఉన్న ప్రతి పనీ దాని మీదే. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ బాగుంటుంది, పైన సోలార్ కప్పు, ఎండా వానా తగలవు, కానీ కారు వెనక సైకిల్ కట్టుకుని ఆదివారం మాత్రమే వెళ్లేచోట రోజూ తొక్కే అలవాటు కుదరడం కష్టం. అలవాటు మీ వీధిలోనే కుదరాలి. వానలో తడిసొచ్చాక చైను పాత గుడ్డతో తుడిచి, లింకుకో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. తుప్పు పట్టి కిర్రుమనే సైకిల్‌ని బయటికి తీయబుద్ధి కాదు, చాలామంది మానేసేది అందుకే.