ఎస్పెరాంతో: చదివితే అర్థమవుతుంది, వింటే అవదు

ప్రశ్న: ఆరు నెలలుగా యాప్‌లో ఎస్పెరాంతో నేర్చుకుంటున్నాను. పాఠాలు చకచకా సాగుతున్నాయి గానీ పాడ్‌కాస్ట్ పెడితే ఒక్క ముక్కా అర్థం కావట్లేదండీ. చుట్టుపక్కల మాట్లాడేవాళ్లు లేరు. ఏం చేయమంటారు?

జవాబు: లోపం మీకొచ్చిన పదాల్లో కాదు, చెవిలో ఉంది. ఎస్పెరాంతో కావాలని కల్పించిన భాష; అందులో చిన్న ముక్కలు అతుక్కుని పెద్ద పదాలవుతాయి. ‘సానా’ అంటే ఆరోగ్యంగా ఉన్న అని. ముందు ‘మాల్’ చేరిస్తే దానికి వ్యతిరేకం. ‘ఉల్’ మనిషిని, ‘ఏయ్’ చోటును చెబుతాయి. అన్నీ కలిస్తే ‘మాల్‌సానులేయో’, ఆసుపత్రి. కాగితం మీదైతే కన్ను ఆగి విడదీసుకుంటుంది. మాటలో అంత వ్యవధి దొరకదు.

దీనికో కిటుకుంది. ఈ భాషలో ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే. పెద్ద పదంలో ఒత్తి పలికిన అక్షరం వినపడిందంటే, ఇంకొక్క అక్షరంతో ఆ పదం అయిపోయిందన్నమాట. ఓ వారం అర్థం సంగతి వదిలేసి, పదం ఎక్కడ తెగుతోందో వేలితో తడుతూ వినండి.

తర్వాత, రాతప్రతి కూడా ఉన్న నిమిషం ఆడియో ఒకటి తీసుకోండి. రాత చూడకుండా రెండుసార్లు విని, అప్పుడు చదవండి. వంద పదాల్లో తెలియనివి ఐదారు దాటితే అది మీకు ఇంకా బరువే; తేలికది వెతుక్కోండి. క్లోద్ పిరాన్ 1983లో అచ్చువేసిన ‘గెర్దా మాలాపెరిస్’ అనే కథాపుస్తకం ఇందుకు బాగా పనికొస్తుంది, అధ్యాయం అధ్యాయానికీ పదాలు కొద్దికొద్దిగా పెరుగుతాయి. ఆడియోతో గొంతు కలిపి మూడుసార్లు చదవండి. మర్నాడు అదే విషయం సొంత మాటల్లో ఐదు వాక్యాలు చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే, నోరు తిరిగేదీ ఇక్కడే.

అంకీ (కార్డులతో పదాలు గుర్తుపెట్టించే యాప్) వాడితే కార్డు మీద విడి పదం కాదు, ఆడియోతో సహా మొత్తం వాక్యం పెట్టండి. కొత్తవి రోజుకు పదికి మించొద్దు. మించితే పాతవాటిని తిరగేయడంతోనే సరిపోతుంది, వినడానికి టైముండదు.

ప్రశ్న: కర్మకు పెట్టాల్సిన ‘న్’ రాసేటప్పుడు మాటిమాటికీ మర్చిపోతున్నాను.

జవాబు: తెలుగువాళ్లకు ఇది సహజమే. ‘రాముణ్ణి చూశాను’ అంటాం గానీ ‘పుస్తకం చదివాను’ అనేస్తాం. ప్రాణం లేనివాటికి ‘ను’ వదిలేయడం మన అలవాటు. ఎస్పెరాంతో వదలనివ్వదు: ‘మి లేగాస్ లిబ్రోన్’ (నేను పుస్తకం చదువుతున్నాను). విశేషణానికీ తగిలించాల్సిందే: ‘బోనాన్ లిబ్రోన్’ (మంచి పుస్తకాన్ని). కాబట్టి మనుషులతో కాక వస్తువులతోనే సాధన చేయండి. గదిలో కనపడ్డ పదింటిని ‘మి విదాస్’ (నేను చూస్తున్నాను) అని మొదలుపెట్టి చెప్పండి. ‘ఎస్తాస్’ (ఉంది, అవుతుంది) తర్వాత మాత్రం ‘న్’ రాదు. అతిజాగ్రత్త పడేవాళ్లు అక్కడా పెట్టేస్తారు.

ప్రశ్న: మిత్రుడితో వీడియో కాల్ మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే ఇద్దరం ఇంగ్లిష్‌లోకి జారిపోతున్నాం.

జవాబు: ఎస్పెరాంతో మాట్లాడాల్సిన చోట మాతృభాషలోకి దిగడాన్ని ఆ భాష మాట్లాడేవాళ్లు ‘క్రొకొడిలి’ అని వెక్కిరిస్తారు, మొసలి పని అని. ఇద్దరి మాతృభాషా కానిదైతే ‘కైమాని’. అంటే మీ జబ్బు పాతదే.

గంట కాల్ వద్దు, పావుగంట చాలు. విషయం ముందురోజే అనుకోండి. ‘కియేల్ ఓని దిరాస్?’ (దీన్ని ఎలా చెప్పాలి?), ‘బోన్వోలు రిపేతి’ (మళ్లీ చెప్పండి) కంఠతా పట్టండి. వస్తువు పేరు గుర్తురాకపోతే ‘ఇలో పోర్ ట్రాంచి’, కోసే పరికరం, అని చుట్టు తిప్పి చెప్పండి. తప్పులు దిద్దుకోవడం కాల్ అయ్యాకే, అదీ మూడింటికి మించకుండా.