సముద్రంలో ఇసుక తవ్వితే మత్స్యకారులకు నష్టమేమిటి? నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది?

కేరళలోని కొల్లం సంగతి చూస్తే రెండూ అర్థమవుతాయి. 2024 నవంబరులో కేంద్రం మొదటిసారి 13 సముద్ర ఖనిజ బ్లాకులను వేలానికి పెట్టింది. అందులో మూడు కొల్లం తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక బ్లాకులు. అక్కడే కొల్లం పరప్పు అనే పేరున్న వేట ప్రాంతం ఉంది. రొయ్యలు, స్క్విడ్, ఇంకా ఎన్నో రకాల చేపలు దొరికే చోటు అది.

డ్రెడ్జర్ (సముద్రం అడుగును తవ్వే ఓడ) ఇసుకను పీల్చేస్తే దాంతోపాటు అడుగున బతికే పురుగులు, నత్తలు పోతాయి. చేపల తిండే అవి. పైకి లేచిన బురద నీటిని మసకబార్చి, దూరంగా వెళ్లి గుడ్ల మీద పేరుకుంటుంది. ఓడలు తిరిగే చోట వల వేయడం కుదరదు. డీజిల్ పోసుకుని ఇంకా లోపలికి పోవాలి, ఆ ఖర్చు చిన్న పడవవాళ్లు ఎక్కడ భరిస్తారు?

అధికారం విషయానికొస్తే, తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల (సుమారు 22 కిలోమీటర్ల) వరకు చేపల వేట రాష్ట్రం పరిధి. సముద్రగర్భ ఖనిజాలు మాత్రం రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానివి. ఈ బ్లాకులు ఆ గీత దాటి ఉన్నాయి, రాయల్టీ కూడా కేంద్రానికే. అంటే చేప తగ్గితే ఆకలి తీరంలోని వాళ్లది, సంతకం ఢిల్లీది. నాకు ఇదే అన్నిటికన్నా అన్యాయం అనిపిస్తుంది. సముద్ర ఖనిజాల చట్టానికి 2023లో చేసిన సవరణలో బాధితుల కోసం ఒక ట్రస్టు పెట్టారు, కానీ అదీ కేంద్రం కిందే.

2025 ఫిబ్రవరిలో కేరళ మత్స్యకారులు తీరప్రాంత హర్తాళ్ చేశారు. మార్చిలో అసెంబ్లీ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి కేంద్రాన్ని ఆపే చట్టబలం లేదు.