బట్టీ పట్టిన మాటే, అయినా జవాబు తప్పు: ‘ఫెయిర్’ దగ్గర ఆగిపోయిన ఒక అమ్మాయి గురించి

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా బిడ్డ బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. డిగ్రీ అయ్యాక తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగం), ఎస్ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల) పరీక్షలు రాయాలని పట్టుదలగా ఉంది. ఇంగ్లిష్‌లోనే దెబ్బ తింటోంది. రోజూ తెల్లవారుజామున లేచి సిననిమ్స్ (పర్యాయపదాల) పుస్తకం బట్టీ పడుతుంది. అయినా మాక్ టెస్టులో 25 ప్రశ్నలకు పది కూడా దాటడం లేదు. మొన్న ‘ఫెయిర్’ అనే మాటకు ‘జస్ట్’ అని పెడితే తప్పని వచ్చింది. ‘పుస్తకంలో అదే ఉంది కదా నాన్నా’ అని ఏడ్చింది. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో కోచింగ్‌లో చేర్పించమంటారా? ఆ ప్రశ్న, పుస్తకంలో ఆ పేజీ ఫోటో తీసి పంపుతున్నాను.

జవాబు: నమస్కారం అండీ. రెండు ఫోటోలూ చూశాను. పుస్తకంలో ‘ఫెయిర్’ పక్కన ఒకే వరుసలో జస్ట్, బ్లాండ్, యావరేజ్, క్లియర్, కార్నివాల్ అని ఉన్నాయి. మధ్యలో కామాలు తప్ప ఏమీ లేవు. ఆ వరుస పక్కన మీ బిడ్డ పెన్సిల్‌తో మూడు టిక్కులు పెట్టుకుంది, అంటే మూడుసార్లు చదివింది. ఆమె కష్టంలో లోపం లేదు. లోపమంతా ఆ కామాల్లో ఉంది. న్యాయమైనది, బంగారు రంగు జుట్టు, అంతంత మాత్రం, నిర్మలమైనది, జాతర అనే ఐదు వేరు వేరు అర్థాలను ఒకే అర్థంలా ఒక వరుసలో కూర్చారు.

ఇక మాక్ టెస్టులో వచ్చిన వాక్యం: ‘హర్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ ఎక్సలెంట్, బట్ హర్ స్పెల్లింగ్ ఈజ్ ఓన్లీ ఫెయిర్.’ చేతిరాత అద్భుతం, స్పెల్లింగ్ మాత్రం అంతంత మాత్రం అని దాని భావం. ‘బట్’, ‘ఓన్లీ’ అనే రెండు చిన్న మాటలే దారి చూపిస్తున్నాయి. కాబట్టి ఇక్కడ జవాబు ‘యావరేజ్’. ‘జస్ట్’ అంటే న్యాయమైనది. స్పెల్లింగ్‌కు న్యాయం, అన్యాయం ఏముంటుంది?

ఆమెకు ఇది తెలుగులో చెప్పి చూడండి. పట్టు చీర, మొండి పట్టు, నిద్ర పట్టడం, ప్రాణహితలో చేపలు పట్టడం. ‘నిద్ర పట్టింది’ అన్నప్పుడు ఆ పట్టుకు సిల్కు అని ఎవరూ అర్థం చెప్పరు. ఎవరూ నేర్పకుండానే వాక్యాన్ని బట్టి అర్థం పట్టుకుంటాం. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌లో ఆ తెలివిని పక్కనపెట్టి, జాబితాలో మొదట గుర్తొచ్చిన మాట పెట్టేస్తాం. పదానికి పర్యాయపదాలు వెతకడం కాదు, ఆ వాక్యంలో ఆ పదం మోస్తున్న అర్థానికి వెతకాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

అసలు ‘ఫెయిర్’ ఒక మాట కాదు, రెండు. పాత ఇంగ్లిష్‌లో ‘అందమైన’ అనే అర్థంతో ఒక మాట ఉండేది. తెల్లని ఒంటిరంగు, మబ్బులేని ఆకాశం, పక్షపాతం లేని తీర్పు, ఫర్వాలేదనిపించే మార్కులు, ఈ అర్థాలన్నీ దాని నుంచే కాలక్రమంలో వచ్చాయి. జాబ్ ఫెయిర్, బుక్ ఫెయిర్ అంటామే, ఆ ఫెయిర్ మాత్రం పండుగ రోజులను సూచించే లాటిన్ మాట నుంచి వచ్చింది. పండుగ నాడు జనం చేరతారు, అంగళ్లు వెలుస్తాయి. మేడారం జాతర చూసిన వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మన ‘జాతర’ కూడా ‘యాత్ర’ నుంచి వచ్చిందే.

మీ బిడ్డకు ఉన్న పెద్ద బలం ఇంకోటి ఉంది, దాన్ని ఆమె వాడుకోవడం లేదు. రేషన్ దుకాణాన్ని ఇంగ్లిష్‌లో ‘ఫెయిర్ ప్రైస్ షాప్’ అంటారు. మీ ఊళ్లో మరాఠీ బోర్డు మీద ‘రాస్త భావ దుకాన్’ అని ఉంటుంది. రాస్త అంటే సబబైన, న్యాయమైన. వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు వెళ్తే అదే దుకాణం తెలుగులో ‘చౌకధరల దుకాణం’ అవుతుంది. తెలుగు మాటను పట్టుకుని ‘ఫెయిర్ అంటే చీప్’ అనుకున్నవారు పరీక్షలో పొరబడతారు. ఇక హిందీలో ‘ఉచిత్ దర్’ అంటారు. ఉచిత్ అంటే తగినది అని. మన ‘ఉచితం’ అనుకుంటే బియ్యం ఊరికే ఇస్తారనుకోవాల్సి వస్తుంది! ఈ నాలుగు మాటలనూ పక్కపక్కన రాసుకుంటే, ఈ ‘ఫెయిర్’ అసలు అర్థం మరాఠీలోనే సూటిగా కనిపిస్తుంది. మరాఠీలో చదవడం లోటని ఆమె అనుకుంటోందేమో, ఇక్కడ అదే ఆమెకు ఆసరా.

అనుమానం వచ్చినప్పుడు వ్యతిరేక పదం అడగమనండి. ఫెయిర్ కాపీకి రఫ్ కాపీ. ఫెయిర్ జడ్జికి బయాస్డ్ జడ్జి. ఫెయిర్ రంగుకు డార్క్. ఫెయిర్ ప్లేకు ఫౌల్ ప్లే. వ్యతిరేకం దొరికిందంటే అర్థం దొరికినట్టే, ఆప్షన్లలో జవాబు దానంతటదే తేలుతుంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ‘ఎ ఫెయిర్ అమౌంట్ ఆఫ్ మనీ’ అంటే అంతంత మాత్రం డబ్బు కాదు, బాగానే ఉన్న డబ్బు. అక్కడ జవాబు ‘కన్సిడరబుల్’. అదే మాట మార్కుల దగ్గర తక్కువ చేసి చెబుతుంది, డబ్బు దగ్గర ఎక్కువ చేసి చెబుతుంది. ఏ జాబితా చదివినా ఈ తేడా తెలియదు, వాక్యాలు చదివితేనే తెలుస్తుంది.

కాబట్టి ఆ సిననిమ్స్ పుస్తకం కొన్నాళ్లు అటక మీద పెట్టించండి. ఒక మంచి ఇంగ్లిష్–మరాఠీ డిక్షనరీ కొనండి. అందులో 1, 2, 3 అని అంకెలు వేసి అర్థాలు విడివిడిగా ఇస్తారు. రోజుకు ఐదు మాటలు చాలు. మాటకో పేజీ, అర్థానికో వాక్యం, దాని కింద మరాఠీలోనో తెలుగులోనో భావం. ఫెయిర్ తర్వాత ఫైన్, సౌండ్, కరెంట్, గ్రేవ్, మీన్ చేయించండి. ‘ఫైన్’ అంటే జరిమానా, ‘సౌండ్ స్లీప్’ అంటే గాఢనిద్ర. ఇలాంటివి ఆమెకు సరదాగా కూడా ఉంటాయి.

పరీక్షల సంగతికి వస్తే, 2023 తలాఠీ భర్తీలో 100 ప్రశ్నలకు 200 మార్కులు. అందులో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, మరాఠీ 25. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకూడదు. సీజీఎల్ అలా కాదు. మొదటి దశ అయిన టైర్ 1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలకు 50 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. టైర్ 2లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు పోతుంది. అక్కడ వాక్యం అర్థం కానప్పుడు గుడ్డిగా ఊహించి పెడితే పెద్దగా లాభం ఉండదు. రెండిటికీ కలిపి చదవొచ్చు. కానీ మరాఠీ చేతిలో ఉన్న పిల్ల గనుక మొదటి గురి తలాఠీ మీదే పెట్టమంటాను.

కోచింగ్‌కు ఇప్పుడే పంపకండి. డిగ్రీకి ఇంకా టైముంది, హాస్టల్ ఖర్చు చిన్నది కాదు, పైగా చాలాచోట్ల మళ్లీ ఇలాంటి జాబితాలే చేతిలో పెడతారు. మూడు నెలలు ఇలా చదివించి, వారానికో మాక్ టెస్టు రాయించండి. 25కి 15 దాటితే ఇంటి దగ్గరే చదువుకోనివ్వండి. మార్కులు కదలకపోతే అప్పుడు కోచింగ్ సంగతి మాట్లాడుకుందాం. ఎలాగైనా నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆమె నోటుబుక్కులో ‘ఫెయిర్’ పేజీ ఫోటో పంపండి, వాక్యాలు ఎలా రాసిందో చూస్తాను.