ఇళ్ల నిధులతో ఉపాధి కూడా పెరుగుతుందా?

వెనకబడిన ప్రాంతంలో ప్రభుత్వం ఇళ్లకు డబ్బిస్తే ఉపాధి పెరుగుతుందా అని అడిగారు. కట్టినన్నాళ్లూ పెరుగుతుంది: తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఇసుక రవాణా... అసలు టెన్షన్ ఆ తర్వాతే. పనులకు దూరంగా, బస్సు కూడా రాని చోట కాలనీ కడితే తాళాలేసిన ఇళ్లే మిగులుతాయి.

అందుకే అమెరికాలో 1974 చట్టంతో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటును (నగరాలకూ, రాష్ట్రాలకూ కేంద్రం ఇచ్చే నిధిని) ఇళ్ల మరమ్మతులకూ, నీటి లైన్లకూ, చిన్న వ్యాపారాలకూ వాడొచ్చు. అయితే కనీసం 70 శాతం ఖర్చు తక్కువ, మధ్యస్థ ఆదాయాల వాళ్లకు ఉపయోగపడాలి.

1975లో మొదలైన ఐరోపా ప్రాంతీయ అభివృద్ధి నిధి (ఇప్పటి ఐరోపా సమాఖ్యది) ఏ పనికైనా మొత్తం ఖర్చు భరించదు, సభ్య దేశమూ వాటా వేసుకోవాలి. షరతు మంచిదే గానీ, ఖజానా ఖాళీగా ఉన్న ప్రాంతం వాటా ఎక్కణ్నుంచి తెస్తుంది? అందుకే పేద ప్రాంతాలకు ఐరోపా వాటా ఎక్కువ ఉంటుంది.