అబ్బ పేరు మనవడికి పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుది రోహిణి మొదటి పాదం, ‘ఓ’ అక్షరం వచ్చింది. చనిపోయిన మా మామగారి పేరు ఓబులేసు. అదే పెట్టాలని అత్తమ్మ పట్టు. బడిలో నవ్వుతారేమోనని మా ఆయన సంకోచం. కాన్పు అనంతపురంలో అయింది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు పాదం సరిచూసుకోండి. రోహిణి నాలుగు పాదాలకు ఓ, వా, వీ, వూ. ఒక్కో పాదం సుమారు 6 గంటలే. పుట్టిన సమయం పాదం మారే వేళకు దగ్గరైతే, ఆసుపత్రి కాగితంలో రాసిన సమయంతో మళ్లీ చూపించండి. ‘వా’ అని తేలినా దిగులొద్దు. బియ్యంలో రాసేది నక్షత్రం పేరు, రికార్డుకు ఇంటి పెద్ద పేరు పెట్టుకునేవాళ్లు చాలామందే.

మా మాట మాత్రం ఓబులేసే. అహోబిలేశుడే మన సీమ నోట్లో ఓబులేసయ్యాడు. మద్దిలేటి అన్నా, ఉరుకుంద ఈరన్న పేరన్నా, గూగూడు మొక్కుతో పెట్టిన కుళ్లాయప్ప అన్నా మనిషి ఏ వైపువాడో ఇట్టే తెలుస్తుంది. అలాంటి పేర్లు పోగొట్టుకోకూడదు.

చిక్కు వేరేచోట వస్తుంది. మామ పేరు కోడలు పలకకూడదని ఇంట్లో బుజ్జి, చిన్నా అని పిలుస్తారు. బడిలో చేర్చేవేళ ఆ ముద్దుపేరే రిజిస్టరుకెక్కుతుంది, ఆధార్‌లో ఇంకోటి ఉంటుంది. మీరు బిడ్డను ఓబులేసు అనే నోరారా పిలవండి. ఇంగ్లిషు అక్షరాలు కూడా ఇప్పుడే తేల్చుకోండి: చివర ‘ఎస్ యు’నా, ‘ఎస్ హెచ్’ఆ? ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా? పూర్తిగా రాయించడమే మేలు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి అందులో పడిన అక్షరాలే జీవితాంతం నడుస్తాయి.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదు చేయించండి, దానికోసం ఆగొద్దు. నమోదు పుట్టిన ఊళ్లోనే ఉంటుంది గనుక పేరు చేర్పించడానికి వెళ్లాల్సింది ప్రొద్దుటూరు ఆఫీసుకు కాదు, అనంతపురానికి. అచ్చు తీసేముందు తల్లిదండ్రుల పేర్లు మీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇష్టం మారిందని తర్వాత పేరు మార్చరు, తప్పు పడిందని రుజువు చూపితేనే దిద్దుతారు.

ప్రశ్న: పాపకు 14 నెలలు. సర్టిఫికెట్‌లో పేరు లేదు. ఇక కుదరదా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కుదురుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపైతే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. పాత సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ తీసుకుని నమోదు చేసిన ఆఫీసుకే వెళ్లండి.