కాస్టిల్లా కౌంటీలో 5 ఎకరాలు: బోరున్నా తోటకు నీళ్లు ఎందుకు వద్దంటున్నారు?

చిక్కంతా ఆ 5 ఎకరాల దగ్గరే ఉంది. కాస్టిల్లా కౌంటీ ఉన్న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్థలం 35 ఎకరాలకు తక్కువైతే బోరు పర్మిట్ చాలావరకు ఇంటి లోపలి వాడకానికే ఇస్తారు. కూరగాయల మడికి, మేకలకు ఆ నీళ్లు పెట్టకూడదు.

1. స్థలం కొనడానికి అడ్వాన్స్ ఇవ్వకముందే రాష్ట్ర జలవనరుల విభాగం సైట్‌లో ఆ బోరు పర్మిట్ తెరిచి, నీళ్లు దేనికి వాడొచ్చో రాసిన షరతులు చదవండి. అందరూ వదిలేసేది ఇదే. పంపు తిప్పితే నీళ్లొస్తున్నాయి కదా అని సంతకం పెట్టేస్తారు. దయచేసి మీరలా చేయకండి.

2. వాననీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు ఇంటికి చట్టం పట్టుకోనిచ్చేది 2 పీపాలు, మొత్తం 110 గ్యాలన్లే.

3. 35 ఎకరాలు, ఆపైన ఉంటే పశువులకూ, 1 ఎకరం వరకు తోటకూ కలిపి పర్మిట్ అడగొచ్చు.