అత్తగారు అమ్మిన కోడలి చీరలు: కొన్నవాళ్లు తిరిగి ఇవ్వాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వాడిన పట్టుచీరలు కొని, రోలింగ్ చేయించి, ఫాల్ మార్చి వాట్సాప్‌లో అమ్మడం మొదలుపెట్టాను. ఒకావిడ దగ్గర కొన్న రెండు చీరలు తన పెళ్లివనీ, తనకు చెప్పకుండా అత్తగారు అమ్మేశారనీ ఆవిడ కోడలు గొడవ చేస్తోంది. డబ్బులిచ్చి కొన్నాను కదా, తిరిగి ఇవ్వాలా? హైదరాబాద్ నుంచి కూడా అడుగుతున్నారు. జీఎస్టీ తీసుకోవాలా? (ఒక పాఠకురాలు)

జవాబు: చీరలు ఆ అమ్మాయివే అయితే ఇచ్చేయాలమ్మా. అమ్మినవారికి లేని హక్కు కొన్నవారికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 27 చెబుతుంది. మీరు ధర కట్టి, మంచి మనసుతో కొన్నా అంతే. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన చీర స్త్రీధనం, అంటే ఆ అమ్మాయి సొంత ఆస్తి. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన అత్తగారిది కాదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అలాగని అడగ్గానే ఇచ్చేయకండి. పెళ్లి ఫొటోలో ఆ అంచు, ఆ పమిట కనిపిస్తున్నాయా చూడండి. చీర మూలన చాకలి గుర్తు ఉంటే, అదే గుర్తు ఆ అమ్మాయి మిగతా చీరల మీద ఉందేమో చూపించమనండి. తేలాక అత్తగారిని కూడా కూర్చోబెట్టి, ఇచ్చినట్టు కాగితం రాయించుకోండి. మీ డబ్బు మీకు తిరిగి ఇవ్వాల్సింది అత్తగారే. అమ్మే హక్కు తనకుందన్న హామీ అమ్మకంలోనే ఉంటుందని అదే చట్టం సెక్షన్ 14 అంటుంది.

ఇంకొక్క మాట. విషయం తెలిశాక కూడా ఆ చీరలు అమ్మితే లెక్క మారిపోతుంది. దొంగ సొత్తు అని తెలిసి దగ్గర ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. నమ్మకద్రోహంతో చేతులు మారిన సొత్తు కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

అందుకే మీ వ్యాపారానికి అన్నిటికంటే ముందు కావాల్సింది ఒక కొనుగోలు పుస్తకం. తేదీ, అమ్మినవారి పేరు, ఊరు, ఫోను, ఇచ్చిన ధర, చీర రంగు, అంచు, మచ్చలు, "ఇది నా సొంత చీర" అని వారి సంతకం. పక్కనే ఫొటో. డబ్బు ఫోన్‌పేలో పంపితే ఇంకా మంచిది. పోలీసులొచ్చినా, జీఎస్టీ వాళ్లొచ్చినా మీ తరఫున మాట్లాడేది ఈ పుస్తకమే.

జీఎస్టీ సంగతి. ఆంధ్రప్రదేశ్ లోపలే అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హైదరాబాద్‌కు ఒక్క చీర పార్సిల్ చేసినా అది పక్క రాష్ట్రం, సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన పక్కనే ఉన్న యానాం కూడా పుదుచ్చేరి కిందికే వస్తుంది, చాలామంది అక్కడే పొరపాటు పడతారు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక పాత సరుకుకు జీఎస్టీ నియమాల్లోని రూల్ 32(5) మీకు మేలు చేస్తుంది. 1,500కు కొన్న చీర 2,200కు అమ్మితే ఆ 700 మీదే పన్ను. కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) మాత్రం తీసుకోకూడదు. రోలింగ్, ఫాల్ లాంటి చిన్న పనులు ఫర్వాలేదు. చీరను లంగాగా కుట్టించి అమ్మితే ఈ వెసులుబాటు రాదు.

పాత చీరను కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. టెస్టెడ్ జరీని (అసలు వెండి జరీలా కనిపించే చవక రకం) అసలు జరీ అనకండి. మడత దగ్గర జరీ నల్లబడితే ఆ మడత దగ్గరగా ఫొటో తీసి, ధర కింద రాసి పెట్టండి.

ఆ రెండు చీరల ఫొటోలు మీ గ్రూపులో ఇంకా ఉంటే ఈ రోజే తీసేయండి.